80ల పేపర్లలో 'గలభా' అంటే నిజంగా అంత పెద్ద మాటా?

పాత_కటింగులు:

అందరికీ నమస్తే అండీ. జర్నలిజం పీజీ చేస్తున్నా, సెమినార్‌కి 80ల తెలుగు పేపర్ల భాష మీద టాపిక్ తీసుకున్నా. ఆ దశాబ్దం గురించి ఎవర్ని కదిపినా, ఏ పుస్తకం తిరగేసినా 1983 మార్చిలో ఈనాడు పెట్టిన 'పెద్దల సభలో గలభా' హెడ్డింగు దగ్గరికే వస్తున్నారు. ఆ హెడ్డింగు చూసి శాసనమండలికి కోపం రావడం, సభాహక్కుల ఉల్లంఘన అనడం, రామోజీరావుని తీసుకొచ్చి సభలో నిలబెట్టండని ఆర్డర్ వెయ్యడం, సుప్రీంకోర్టు దాకా పోవడం... ఈ కథంతా చదివాను, అది మళ్ళీ చెప్పమని కాదు.

నాకు అంతుపట్టనిది ఆ మాట. మా ఇంట్లో గలభా అంటే పిల్లలు చేసే అల్లరి. 'ఏంట్రా ఆ గలభా, కాసేపు నోర్మూసుకుని కూర్చోండి' అంటుంది మా అమ్మమ్మ, అంతే. ఈ మాటకి పోలీసు కమిషనర్ దాకా ఎందుకు పోయింది? అప్పట్లో గలభా అంటే రౌడీయిజం లాంటి అర్థం ఏమన్నా ఉండేదా, తర్వాత మెత్తబడిందా? లేకపోతే మాట ఏదైనా ఒకటే, అసలు గొడవ వేరే ఉందా? మా గైడ్ గారిని అడిగితే 'ఆ మాటకి అప్పట్లో బరువు ఎక్కువమ్మా' అంటారు, ఎందుకు ఎక్కువో మాత్రం చెప్పరు.

ఇంకోటి, రభస ఉంది, గొడవ ఉంది, గందరగోళం ఉంది, ఇవన్నీ ఉండగా గలభానే ఎందుకు పెట్టి ఉంటారు? ఆ రోజుల్లో డెస్కుల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ప్లీజ్ చెప్పండి.

డెస్కు_మనిషి:

అమ్మా, ఆ హెడ్డింగు పెట్టిన డెస్కులో నేను లేను, ముందే చెప్పేస్తున్నా, నేను ఆ తర్వాత కొన్నేళ్ళకి వేరే పేపర్లో సబ్‌ఎడిటర్‌గా చేరాను. కానీ ఆ హెడ్డింగు గురించి డెస్కులో వినని రోజు లేదు, ఎందుకంటే మాకు ట్రైనింగులో అదే ఎగ్జాంపుల్. మంచి హెడ్డింగుకీ అదే ఎగ్జాంపుల్, జాగ్రత్తగా ఉండమని చెప్పడానికీ అదే ఎగ్జాంపుల్, చెప్పే సీనియర్ని బట్టి.

నీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటా, అది నాకు తెలిసిన పని కాబట్టి. ఆ హెడ్డింగు ఒకసారి పైకి చదువు. పెద్దల సభలో గలభా. సభ, గలభా... రెండిట్లోనూ ఆ 'భ' పడుతుంది చూడు. 'పెద్దల సభలో గందరగోళం' అని చదువు, నాలుక మీద నిలవదు. 'పెద్దల సభలో గొడవ' సరిపోతుంది గానీ చప్పగా ఉంది. 'రభస'లో కూడా భ ఉంది, 'సభలో రభస' కూడా బాగానే కుదురుతుంది, నిజానికి అసెంబ్లీ వార్తలకి ఆ జత అరిగిపోయేంత వాడేశాం, అరిగిపోయింది కాబట్టే ఎవరికీ కోపం రాలేదు. గలభా అలా కాదు, అసెంబ్లీ వార్తల్లో మామూలుగా కనిపించే మాట కాదు అది. హెడ్డింగు రాసేవాడికి ప్రాస దొరికితే వదలడు, నేనైతే వదిలేవాణ్ణి కాదు.

పైగా కొలత ఉంటుంది. ఇన్ని కాలమ్‌లలో ఇంత సైజు అక్షరం, ఒక్క లైను దాటకూడదు అంటే 'గందరగోళం' లాంటి ఐదక్షరాల మాట, అందులో రెండు సున్నలు, చాలా చోటు తినేస్తుంది. మూడక్షరాల మాటలే డెస్కుకి అన్నం పెట్టేవి. రభస, గొడవ, గలభా, రగడ... ఇవన్నీ ఆ చోటు కోసం బతికిన మాటలే. రగడ మీద ఎవరన్నా పీహెచ్‌డీ చెయ్యొచ్చు, అంత వాడాం.

ఇక బరువు సంగతి. డెస్కులో ఒక లెక్క ఉండేది, ఎక్కడా రాసిపెట్టి ఉండదు గానీ చేరిన నెల రోజుల్లో అందరికీ ఒంటబట్టేది. సభలో మాటామాటా అనుకుంటే వాగ్వాదం. లేచి నిలబడి అరిస్తే రభస. స్పీకర్ మాట ఎవరికీ వినపడకుండా, సభ వాయిదా పడితే గందరగోళం. చెయ్యి చేసుకుంటే ఘర్షణ. మైకులు విరిగితే రణరంగం. ఈ నిచ్చెనలో గలభాకి మెట్టు లేదు, అదీ పాయింటు. గలభా అంటే జాతరలో, సినిమా హాలు టికెట్ల దగ్గర, హాస్టల్లో అన్నం బాగోలేదని కుర్రాళ్ళు కంచాలు కొట్టే చోట వాడే మాట. జిల్లా పేజీ మాట అది. దాన్ని తీసుకొచ్చి పెద్దల సభకి పెట్టారు. ఘర్షణ అని ఉంటే నేరం చేశారన్నట్టు ఉండేది, సభ్యులు ఖండించేవాళ్ళు, అయిపోయేది. గలభా అంటే నేరం కాదు, చిన్నపిల్లల చేష్ట. పెద్దమనిషికి నేరం అంటగడితే వాదిస్తాడు, పిల్లచేష్ట అంటగడితే ఊరుకోడు.

మడకశిర_కుర్రాడు:

డెస్కు అన్న చెప్పింది బాగుంది గానీ మా వైపు లెక్క వేరేగా ఉంటుంది. మాది కర్ణాటక బోర్డరు, ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడ. కన్నడ పేపర్లో 'గలభె' అంటే చిన్నమాట కాదు బ్రో, అల్లర్లు అని. మతకలహాలని వాళ్ళు 'కోము గలభె' అనే రాస్తారు. అంటే కర్ఫ్యూ పెట్టే రేంజి. మా తాత రెండు పేపర్లూ చదివేవాడు, ఆయనకి తెలుగు పేపర్లో సినిమా హాలు దగ్గర గలభా అని కనిపిస్తే ఎంతమంది పోయారు అని అడిగేవాడంట, మా నాన్న చెప్పి నవ్వుతాడు.

కాబట్టి గైడ్ గారు బరువు ఎక్కువ అన్నది పూర్తిగా కొట్టిపారెయ్యొద్దు. అదే మాట, గట్టు దాటితే బరువు మారిపోతుంది. మండలిలో అన్ని జిల్లాల వాళ్ళూ ఉంటారుగా, అనంతపురం వైపు చెవులకి అది ఎలా వినపడిందో.

డెస్కు_మనిషి:

మడకశిర తమ్ముడూ, మంచి మాట చెప్పావు, ఇది నేను ఆలోచించలేదు. కానీ తెలుగు పేపర్ల వరకూ తీసుకుంటే అల్లర్లకి గలభా వాడటం నేను చూళ్ళేదు. 80ల్లో హైదరాబాద్ పాతబస్తీలో ఎన్నిసార్లు కర్ఫ్యూ పడిందో నీకు తెలుసు. ఆ వార్తల్లో 'అల్లర్లు' ఉండేది, 'మతకలహాలు' ఉండేది, ఇంకా జాగ్రత్తపడితే 'రెండు వర్గాల మధ్య ఘర్షణ' అని వర్గాల పేర్లు కూడా రాయకుండా వదిలేసేవాళ్ళం. అక్కడ గలభా అని రాస్తే సీనియర్ కాయితం మొహాన కొట్టేవాడు, మనుషులు చచ్చిపోతుంటే గలభా ఏంట్రా అని. అంటే తెలుగు డెస్కుకి అది తేలిక మాటే, అందులో డౌటు లేదు.

కృష్ణా_కరకట్ట:

ఆ ఒక్క మాటతో మండలే లేకుండా పోయింది కదండీ, ఇంకా తేలికమాట అంటారేంటి. ఈనాడుతో పెట్టుకున్నారు, ఎన్టీఆర్ ఏకంగా సభనే ఎత్తేశాడు. తెలుగు జర్నలిజంలో అంత ఖరీదైన మాట ఇంకోటి లేదు.

హైకోర్టు_వరండా:

కరకట్ట గారూ, ఈ కథ మా కాలేజీలో కూడా ఇలాగే చెప్పుకునేవాళ్ళం, వినడానికి బాగుంటుంది గానీ తేదీలు ఒప్పుకోవు.

1983 జనవరి 9న ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం. అసెంబ్లీలో 294కి 200 పైన సీట్లు తెలుగుదేశానివి. మండలికి వస్తే మెజారిటీ కాంగ్రెస్‌ది, ఎందుకంటే మండలి ఒకేసారి మారదు, రెండేళ్ళకోసారి మూడోవంతు మంది దిగిపోతుంటారు, నిన్నగాక మొన్న పుట్టిన పార్టీకి అక్కడ మనుషులెక్కడుంటారు. కింద సభలో పాసైంది పైసభలో ఆగిపోయే పరిస్థితి. అందుకే అదే ఏడాదిలోనే మండలిని రద్దు చెయ్యాలని అసెంబ్లీ తీర్మానం చేసేసింది. అప్పటికి ఈ గలభా వ్యవహారం ఇంకా హక్కుల కమిటీ దగ్గర నానుతోంది, అరెస్టు మాటే లేదు. ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆ తీర్మానాన్ని పట్టించుకోలేదు, 169వ అధికరణం ప్రకారం అసెంబ్లీ తీర్మానం చేస్తే సరిపోదు, పార్లమెంటు చట్టం చెయ్యాలి. ఆమె పోయాక రాజీవ్ టైమ్‌లో చట్టం అయ్యి 1985 జూన్ 1న మండలి రద్దయింది. 1958లో పెట్టిన మండలి, మళ్ళీ 2007లోనే వచ్చింది. కాబట్టి గలభా వల్ల మండలి పోలేదు, మండలి పోయే గొడవల మధ్యలో గలభా పడింది, అంతే.

పాత_కటింగులు గారూ, మీ ప్రశ్నకి కూడా జవాబు సగం ఇక్కడే ఉంది. ఆ టైమ్‌లో మండలి సభ్యుల చెవికి ఆ హెడ్డింగు ఎలా వినపడి ఉంటుందో ఊహించుకోండి. మమ్మల్ని ఎత్తేస్తారని బయట టాక్, ఎన్టీఆర్‌ని ఎన్నికల్లో మోసిన పేపరు, రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయే పేపరు, అందులో మేం గలభా చేశామని. కావాలనే మండలిని పలచన చేస్తున్నారు అనుకున్నారు. మాట తేలికదే, టైమ్ తేలికది కాదు.

ఇక లా సంగతి చెప్తా, నాకు బాగా ఇష్టమైన పార్టు ఇది, కాస్త ఓపిక పట్టండి. శాసనసభల హక్కులు 194వ అధికరణంలో ఉన్నాయి. ఆ హక్కులేంటో జాబితా లేదు, ఏ చట్టమూ చెయ్యలేదు, బ్రిటన్‌లో హౌస్ ఆఫ్ కామన్స్‌కి ఏముంటే అవే మనకీ అనుకుని నడిపించేశారు. జాబితా లేకపోతే ఏమవుతుంది? ఏ మాట తప్పు, ఏ మాట ఒప్పు అని ముందుగా ఎవరికీ తెలియదు. సభకి కోపం వస్తే అది తప్పు. ఫిర్యాదు చేసేదీ సభే, విచారించేదీ సభే, శిక్ష వేసేదీ సభే. మామూలు పరువునష్టం కేసైతే గలభా అంటే అర్థమేంటి, జరిగింది గలభాయా కాదా, అని సాక్షుల్ని పిలిచి అడగొచ్చు. ఇక్కడ ఆ ఛాన్సే లేదు.

ఇంకో వైపు 44వ సవరణతో 1978లో 361ఏ అని కొత్త అధికరణం వచ్చింది, సభలో జరిగింది దాదాపు ఉన్నదున్నట్టు రాస్తే, దురుద్దేశం లేకపోతే, పేపరు మీద కోర్టులో కేసులు నడవవు అని. ఎమర్జెన్సీ దెబ్బ తిన్నాక పెట్టుకున్న రక్షణ అది. కానీ అది రక్షించేది రిపోర్టుని, మరి హెడ్డింగు రిపోర్టా, కామెంటా? లోపల మ్యాటరంతా ఉన్నదున్నట్టే ఉండి పైన ఒక్క మాటలో వెటకారం ఉంటే? పైగా అది కోర్టు కేసులకి సంబంధించిన రక్షణ, సభ తన హక్కుల పేరుతో పిలిస్తే పనికొస్తుందా అన్నది ఇంకో తగాదా.

ఆర్డర్ వేసింది 1984 మొదట్లో. నేరుగా జైలు కాదు, రామోజీరావుని సభ ముందు నిలబెట్టి మందలించాలని. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్తే అరెస్టు చెయ్యొద్దని కోర్టు మార్చిలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఇటు మండలి మాత్రం తీసుకురావాల్సిందే అని. మధ్యలో ఇరుక్కుంది హైదరాబాద్ పోలీస్ కమిషనర్ విజయరామారావు, తర్వాత సీబీఐ డైరెక్టర్ అయినాయన. తీసుకెళ్తే కోర్టు ధిక్కారం, తీసుకెళ్ళకపోతే సభా ధిక్కారం. చివరికి ఎవరూ ఎవర్నీ తీసుకెళ్ళలేదు, మందలింపు జరగనే లేదు, మరుసటి ఏడాదికి మందలించాల్సిన సభే లేదు.

తెనాలి_మాష్టారు:

అందరూ పేపరు వైపు నుంచే మాట్లాడుతున్నారు, అవతలి వైపు ఒక మాట చెప్తాను. మా మేనమామ టీచర్ల యూనియన్లో తిరిగిన మనిషి. మండలిలో టీచర్ల నియోజకవర్గాలు, గ్రాడ్యుయేట్ల నియోజకవర్గాలు ఉంటాయి, తెలుసుగా, మా ఎమ్మెల్సీ అంటే ఆయనకి ఎమ్మెల్యే కంటే ఎక్కువ. జీతాలు ఆగినా, ట్రాన్స్‌ఫర్ గొడవైనా ఆ మండలిలో ఎవరో ఒకరు లేచి అడిగేవారు. ఆయనకి ఆ హెడ్డింగు అస్సలు నచ్చలేదు. 'హాస్టల్ కుర్రాళ్ళకి వాడే మాట మా వాళ్ళకి వాడతారా' అని అప్పట్లో మా ఇంట్లో పెద్ద చర్చ. అంటే డెస్కు_మనిషి గారు ఇందాక చెప్పిన జిల్లా పేజీ మాట అన్న సంగతి చదివేవాడికి కూడా తెలుసు. పాఠకుడు డెస్కు కంటే తక్కువవాడేం కాదు.

అలాగని రాసినాయన్ని పట్టుకొచ్చి నిలబెట్టమనడం మా మేనమామకి కూడా నచ్చలేదు లెండి, ఓ ఉత్తరం రాసి పడేస్తే పోయేది కదా అనేవాడు.

నా లెక్కలో అసలు ముల్లు గలభాలో కాదు, 'పెద్దల' అన్న మాటలో ఉంది. 'శాసనమండలిలో గలభా' అని పెట్టి ఉంటే ఇంత అయ్యేది కాదని నా నమ్మకం. పెద్దల సభ అనేది పేపర్లకి మామూలు మాట, రాజ్యసభకీ అదే అంటారు, అందులో తిట్టు ఏమీ లేదు. గలభా కూడా తిట్టు కాదు. రెండూ పక్కపక్కన కూర్చుంటేనే వెటకారం పుట్టింది. ఏ ఒక్క మాటనీ తప్పు పట్టలేం, అదే ఆ హెడ్డింగు తెలివి, అవతలివాళ్ళ మంట కూడా అదే.

డెస్కు_మనిషి:

మాష్టారూ నూటికి నూరు. 'పెద్దల' తీసేసి చదివితే హెడ్డింగు చచ్చిపోతుంది.

పాత_కటింగులు:

ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ థాంక్స్ అండీ. హైకోర్టు_వరండా గారూ, ఇలా ఒక మాట మీదో రెండు మాటల మీదో సభలకి కోపం వచ్చిన కేసులు వేరే ఉన్నాయా? తెలుగులోనే అక్కర్లేదు. పోల్చి రాస్తే పేపర్‌కి బలం వస్తుందని.

హైకోర్టు_వరండా:

ఎందుకు లేవు. మీ టాపిక్‌కి అచ్చంగా సరిపోయేది 1961 బ్లిట్జ్ కేసు, అదొక ఇంగ్లీషు వారపత్రిక. ఎంపీ ఆచార్య కృపలానీ మీద రాసిన వ్యాసానికి 'కృపాలూనీ' అని హెడ్డింగు పెట్టారు, ఆయన పేరులోకి ఇంగ్లీషు 'లూనీ' దూర్చి, అంటే పిచ్చాయన అని. లోక్‌సభ ఎడిటర్ కరంజియాని పిలిచి సభ గడప (బార్ అంటారు) దగ్గర నిలబెట్టి మందలించింది. చూడండి, అక్కడ మాటలోనే తిట్టు ఉంది, దాచిపెట్టింది కూడా ఏం లేదు. గలభాకి అలా తిట్టు అని చూపించడానికి ఏమీ లేదు, అయినా శిక్ష మాత్రం అదే, సభలో నిలబెట్టి మందలింపు. ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే మీ సెమినార్‌కి ఒక చాప్టర్ వచ్చేస్తుంది.

1987లో తమిళనాడు అసెంబ్లీ ఆనంద వికటన్ అనే తమిళ వారపత్రిక ఎడిటర్‌కి మూడు నెలల జైలు వేసింది, అది మాట కాదు కార్టూన్, ఎమ్మెల్యేల మీద మంత్రుల మీద వేసింది. జనం గోల పెట్టాక కొద్ది రోజులకే వదిలేశారు. 2003లో మళ్ళీ అక్కడే హిందూ పేపరు మీద, అది పక్కా మాటల కేసు, ముఖ్యమంత్రి జయలలిత సభలో ఎలా మాట్లాడారో చెప్పడానికి రిపోర్టర్లు వాడిన మాటల మీదే కోపం. పదిహేను రోజుల జైలు అన్నారు, సుప్రీంకోర్టు ఆపింది. అంటే 1984లో ఇక్కడ జరిగిందే ఇరవై ఏళ్ళ తర్వాత అక్కడ మళ్ళీ జరిగింది, చట్టం ఒక్క అంగుళం కదల్లేదు.

ఇంకా వెనక్కి పోతే బీహార్ సర్చ్‌లైట్ పేపరు కేసు ఉంది, 1958 తీర్పు, రికార్డుల్లోంచి తీసేసిన ప్రసంగాన్ని పేపరు అచ్చేస్తే సుప్రీంకోర్టు సభ వైపే మొగ్గింది. 1964లో యూపీలో సభ జైల్లో పెట్టిన కేశవ్‌సింగ్‌కి బెయిలిచ్చారని అసెంబ్లీ ఏకంగా ఇద్దరు హైకోర్టు జడ్జీలనే పట్టుకురమ్మంది, అప్పుడు సుప్రీంకోర్టు జడ్జీల వైపు నిలబడింది. 1984లో ఇక్కడ రెండు వర్గాల లాయర్లకీ ఈ రెండు తీర్పులే ఆయుధాలు, ఎవరికి కావాల్సింది వాళ్ళు పట్టుకున్నారు.

చెవిలో_పువ్వు:

ఒక డౌట్. ఇంత జరిగాక పేపర్లు గలభా వాడటం మానేశాయా? నేను 90ల్లో పుట్టా, నాకు పేపర్లో ఆ మాట చూసిన గుర్తు లేదు. టీవీలో అయితే అంతా రచ్చ, రచ్చరచ్చ, రచ్చో రచ్చస్య.

డెస్కు_మనిషి:

మానేశారని కాదు, భయపడి మానేసినవాళ్ళు ఎవరూ లేరు. మా డెస్కులో అయితే ఆ మాట జోకు అయిపోయింది, అసెంబ్లీ కాపీ వస్తే 'గలభా పెట్టమంటావా' అని ఒకడు, 'పెట్టు, జైలుకి నీకు టిఫిన్ క్యారేజీ నేను తెస్తా' అని ఇంకొకడు. ఒక మాట అంత ఫేమస్ అయ్యాక ఇంక మామూలు వార్తకి పనికిరాదు. 'కళాశాలలో గలభా' అని పెడితే చదివేవాడికి కాలేజీ గుర్తు రాదు, మండలి గుర్తొస్తుంది. అందుకని సబ్‌లు పక్కకి తప్పుకుని రగడకీ రసాభాసకీ పోయారు. నా అనుభవంలో చూసింది ఇది, ఏ పేపరు ఎన్నిసార్లు వాడింది అని లెక్క కావాలంటే కూర్చుని తిప్పాల్సిందే.

రచ్చ సంగతి వేరు. రచ్చ అంటే అసలు ఊళ్ళో నలుగురూ కూర్చునే చోటు, రచ్చబండ అంటాం కదా, అక్కడికి లాగితే రచ్చకెక్కడం. టీవీ వాళ్ళకి ఆ గొడవ లేదు, స్క్రీన్ మీద రెండక్షరాలు పడితే చాలు, ఎర్రరంగులో.

మడకశిర_కుర్రాడు:

టిఫిన్ క్యారేజీ జోకు సూపర్ అన్నా 😂

తెనాలి_మాష్టారు:

పాత_కటింగులు గారికి ఒక సలహా. కథ చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ రోజు పేపరు మొత్తం చూసినవాళ్ళు తక్కువ. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి అడగండి, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూడా పాత పత్రికలు బాగానే ఉంటాయి. ఏ సంవత్సరానివి ఏవి ఉన్నాయో ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి, బౌండు వాల్యూములు కొన్ని ముట్టుకుంటే పొడైపోతాయి, ఇవ్వనంటారు.

వెళ్ళాక ఆ ఒక్క హెడ్డింగు ఫొటో తీసుకుని వచ్చెయ్యకండి. ఆ నెల మొత్తం తిప్పండి. అదే రోజు మండలి వార్తకి ఆంధ్రప్రభ ఏం పెట్టింది, ఆంధ్రజ్యోతి ఏం పెట్టింది, ఆంధ్రపత్రిక ఏం పెట్టింది, అన్నీ రాసుకోండి. కింద సభలో గొడవైతే ఈనాడు ఏ మాట వాడింది, పైసభలో అయితే ఏ మాట అన్నది కూడా చూడండి. కింద సభకి కూడా ఇలాంటి మాటలే వాడి ఉంటే మండలి వాళ్ళ అనుమానం నిలబడదు. మండలికి మాత్రమే వాడి ఉంటే వాళ్ళ కోపంలో ఎంతోకొంత విషయం ఉందని ఒప్పుకోవాలి.

డెస్కు_మనిషి:

జిల్లా వార్తలు కూడా చూడమ్మా, గలభా మామూలుగా బతికేది అక్కడే. జాతరలు, హాస్టళ్ళు, పంచాయితీ మీటింగులు. అక్కడ ఎంత తేలిగ్గా వాడారో కటింగులు ముందు పెట్టి, తర్వాత మండలి హెడ్డింగు చూపించు, మీ గైడ్ గారికి బరువు సంగతి తెలుస్తుంది. ఇంకోటి, హెడ్డింగు ఒక్కటే కాదు, కింద ఐటమ్ మొత్తం చదువు. మ్యాటర్‌లో లోపల కూడా గలభా అనే ఉందా, లేక లోపల వాగ్వాదం అని రాసి పైన మాత్రమే గలభా పెట్టారా అన్నది చూడాలి. విలేకరి ఫోన్లో చెప్పింది ఒకటి, డెస్కు పెట్టింది ఇంకోటి అవడం మాకు రోజూ ఉండేదే.

పాత_కటింగులు:

ఐటమ్ లోపల ఏ మాట ఉందో చూడాలన్న ఆలోచన నాకు రానే లేదు సార్, అందరూ హెడ్డింగు గురించే రాశారు. సోమవారం అఫ్జల్‌గంజ్ వెళ్తున్నా, మార్చి వాల్యూమ్ దొరికితే ఇక్కడే పెడతా. ఫొటోలు తియ్యనిస్తారా, చేత్తోనే రాసుకోవాలా?

తెనాలి_మాష్టారు:

కౌంటర్లో ఎవరున్నారన్న దాన్ని బట్టి అమ్మా. కాలేజీ లెటర్ పట్టుకెళ్ళండి, పెన్సిల్ కూడా పట్టుకెళ్ళండి, పాత వాల్యూముల దగ్గర పెన్ను తియ్యనివ్వకపోవచ్చు.